పిట్టకు పెట్టిన బువ్వ

వికారాబాద్,
20-9-1961

ప్రియమైన అక్కకు,

తమ్ముడు కిష్టప్ప దండాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ కాశమ్మత్తా అక్కడ ఎలా ఉన్నారో రాయి.

జాబు రాసి చాలా రోజులైందని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. ఈసారి ఆ తిట్లకు తగిన పనే నెత్తిన వేసుకున్నాను. నేనూ మహేందరూ కలిసి సినిమా తీస్తున్నాం. నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

మహేందర్ తెలుసు కదా, నాతోపాటు ఫోటో స్టూడియోలో పనిచేసే పట్నం పిల్లగాడు. బొంబాయిలో ఎవరో అమ్మేస్తుంటే ఒక పాత సినిమా కెమెరా తెచ్చాడు. గడియారానికి ఇచ్చినట్టు కీ ఇస్తే నడుస్తుంది. బొమ్మ పడుతుంది గాని మాట పట్టదు. ఆడించేటప్పుడు మైకు పెట్టి కథ చెప్పాలి. మద్రాసు సినిమాల్లో లాగా మేడలూ పాటలూ ఏమీ ఉండవు. మాకు కంపెనీ లేదు, స్టార్లు లేరు. మన గొర్లకాపరుల ఇండ్లు, మన అనంతగిరి అడవి, మన మనుషులు, అంతే. ఇట్లాంటి సినిమా ఎవరు చూస్తారని స్టూడియో సేటు అడిగాడు. ఎవరూ చూడకపోయినా తీయాలనిపించింది అక్కా, ఎందుకో చెప్పలేను.

కథ చెబుతాను. గొర్లు తోలుకొని సంతకు పోయిన మగడు తిరిగి రాడు. బతికున్నాడో లేడో ఎవరికీ తెలియదు. కాని రోజూ పొద్దుగూకే వేళకు వాకిట్లోకి వచ్చి నిలబడతాడు. భార్యకు తప్ప ఇంకెవరికీ కనిపించడు. లోపలికి రమ్మంటే రాడు, పొమ్మంటే పోడు. వచ్చేది మనిషో దయ్యమో ఆమెకే తెలియదు. చివరికి ఊరివాళ్లు ఆమెను కూర్చోబెట్టి అతని పేరున పిట్టకు పెట్టిస్తారు. పిట్ట ముడుతుంది. ఆ రోజు నుంచి వాకిలి ఖాళీ.

పిట్టకు పెట్టడమంటే ఏమిటని మహేందర్ అడిగాడు. చనిపోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి దూరంగా నిలబడతాం, కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా వెళ్లిపోయినట్టు, ముట్టకపోతే ఏదో మిగిలిపోయిందని బతిమాలుకుంటాం అని చెప్పాను. వాడు అంతా విన్నాడు. తర్వాత "సినిమా అంత గా కాకి మీదనే ఉన్నది అన్నా" అన్నాడు.

ఇది ఎవరి కథో నువ్వు అడిగేలోపు నేనే చెబుతున్నాను. నీదే. బావ కనిపించకుండా పోయిన వానాకాలం నేను చిన్నవాణ్ని. నువ్వు వాకిట్లో నిలబడిన తీరు మాత్రం నా కళ్లలోంచి పోలేదు. నువ్వు వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను. భార్య వేషానికి మా వీధిలో ఉండే మొగులమ్మ ఒప్పుకుంది.

నీ జాబు కోసం ఎదురుచూస్తూ,
నీ తమ్ముడు
కిష్టప్ప


తాండూరు,
26-9-1961

ప్రియమైన తమ్ముడు కిష్టప్పకు,

అక్క ఎంకమ్మ ఆశీస్సులు. నీ జాబు నేను పనిచేసే బాలవాడికి వచ్చింది. పిల్లలకు ఉప్మా పెడుతూ ఒక చేత్తో విప్పి చదివాను. నా బతుకు నీకు సినిమా అయిందన్నమాట. చిన్నప్పుడు స్లేటు మీద నాకు అక్షరాలు దిద్దించావు. ఆ ఫీజు ఇప్పుడు వసూలు చేస్తున్నావు కాబోలు.

ఇక్కడి సంగతులు కొత్తవేమీ లేవు. కాశమ్మత్త చూపు పూర్తిగా పోయింది. ఎండ వచ్చిందనీ పోయిందనీ తప్ప ఇంకేమీ తెలియదు. పక్కింటి అమీనాబీ పగలంతా ఆమెను కనిపెట్టుకొని ఉండబట్టి నేను పనికి పోగలుగుతున్నాను. సాయంత్రం వచ్చేసరికి నా కాళ్లు నావి కానట్టు ఉంటాయి. వచ్చీ రాగానే అత్త అడిగేది ఒకటే, "ఏమన్న కబురు దెలిసిందా?" అని. తెలియలేదంటాను. ఆమె తల ఆడించి కూర్చుంటుంది. ఎన్నేళ్లయినా ఆమె ఆ మాట అడగడం మానలేదు, నేను ఆ జవాబు చెప్పడం మానలేదు.

మొన్న మన కులపెద్ద నర్సప్ప వచ్చాడు. జాడ లేనివాడికి పన్నెండేళ్లు దాటితే గడ్డిబొమ్మ చేసి కర్మ చేసే ఆచారం ఉంది కదా, ఆ మాట మాట్లాడటానికి. "బీరన్న పోయి పన్నెండేండ్లు దాటింది కాశమ్మా. గీ ఆడమనిషిని గిట్ల ఎన్నొద్దులు నిలవెడ్తరు? అటో ఇటో చేసేద్దాం" అన్నాడు. అత్త కట్టె అందుకుంది. "నా కొడుకు పీనుగను జూసినోడు ఎవడన్న ఉన్నడా? ఉంటే తోల్కరా. గప్పటిదాంక నా కోడలి కుంకుమ జోలికొస్తే నీ కాళ్లిరుగుతయ్" అంది. పెద్దమనిషి చెప్పులు చేత్తో పట్టుకొని పోయాడు.

ఆమె అలా అన్నప్పుడల్లా నాకు గర్వంగానూ ఉంటుంది, విసుగ్గానూ ఉంటుంది. పెళ్లిళ్లలో బొట్టు పెట్టే ఆమె నా దగ్గరికి రాగానే చెయ్యి ఆపుతుంది. అత్త "పెట్టు" అని గదమాయిస్తుంది. ఆమె పెడుతుంది. ఆ పెట్టిన బొట్టు ఇంటికి వచ్చేదాకా నుదుటి మీద బరువుగా ఉంటుంది. కాని ఏం చేయను? ఆ ముసలిప్రాణం కొడుకు వస్తాడన్న ఆశ మీదే నిలబడి ఉంది. అది పోయిన రోజు ఆమె కూడా పోతుందని నా భయం.

సినిమా తీసుకో. రెండు మాటలు. మీ బావ పేరు అందులో వాడకు. అత్త చెవిన పడనీయకు.

ఇంకొకటి. నీ కథలో ఒక అబద్ధం ఉంది. మీ బావ నాకు వాకిట్లో ఎప్పుడూ కనిపించలేదు. రాజ్యం మారిన ఆ గడబిడ రోజుల్లో బషీరాబాద్ సంతకు గొర్లు తోలుకొని పోయాడు. కొన్ని గొర్లు వాటంతటవే ఇంటికి వచ్చాయి, మనిషి రాలేదు. దయ్యమై వచ్చి నిలబడినా అడగాల్సినవి నాలుగు అడిగేదాన్ని.

వేళకు తిను.
నీ అక్క
ఎంకమ్మ


వికారాబాద్,
10-11-1961

ప్రియమైన అక్కకు,

నీ మంచి మనసుకు దండాలు. మూడు ఆదివారాలుగా షూటింగు నడుస్తోంది. దయ్యం వేషం నాదే. గొంగడి కప్పుకొని వాకిట్లో నిలబడటం ఎంత కష్టమో తెలియక ఒప్పుకున్నాను. ఒకే రీలును మహేందర్ రెండుసార్లు నడుపుతాడు. ఒకసారి ఉత్త వాకిలి, ఇంకోసారి నేను నిలబడిన వాకిలి. అది కడిగితే నా ఒంట్లోంచి వెనక గోడ కనిపిస్తుందట. కుక్కలు మాత్రం నన్ను దయ్యమని నమ్మలేదు. పిక్క పట్టుకున్నంత పని చేశాయి.

ఇక్కడిదాకా నవ్వుతూ రాశాను. ఇక ముందుకు చెయ్యి సాగడం లేదు.

మొగులమ్మను ఇంతవరకు వెనక నుంచే తీశాం. కొంగు కప్పుకొని గడపలో నిలబడి బయటికి చూస్తూ ఉంటుంది. ఆమె ముఖం మొదటిసారి కనిపించేది పిట్టకు పెట్టేచోటనే, అక్కడే సినిమా అయిపోతుంది. తెల్లారితే ఆ సీను తీయాలనగా మొగులమ్మ మగడు వచ్చి నా గల్లా పట్టుకున్నాడు. "నేను బతికుండంగ నా పెండ్లాంతోని నాకు పిట్టకు వెట్టిస్తవారా?" అన్నాడు. ఇది నీకు కాదన్నా, సినిమాలో మల్లన్న అనేవాడికి అని చెప్పాను. "మల్లన్నకు పెండ్లాం ఉంటే దాన్నే కూసోవెట్టు" అన్నాడు. ఆమెను చెయ్యి పట్టుకొని తీసుకుపోయాడు.

పుణ్యస్త్రీలను ఎంతమందిని అడిగానో. ఆ ఆకు ముందు కూర్చోవడానికి ఒక్కరూ రారు. సరే, మగడు పోయినవాళ్లను అడిగాను. కూర్చుంటాం గాని సినిమా కోసం మళ్లీ బొట్టూ గాజులూ పెట్టుకోం, పోయినాయన ఏమనుకుంటాడు అన్నారు. వాళ్ల మాట ఎలా తీసేయను? ఈ సీనులో ఆమెకు బొట్టు ఉండాలి, ముందర పిట్టకు పెట్టిన ఆకు ఉండాలి. ఈ రెండూ కలిసిన మనిషి ఈ చుట్టుపక్కల లేదు. అటూ ఇటూ కాని మనిషి కావాలి.

నాకు తెలిసిన అలాంటి మనిషి ఒక్కతే ఉంది అక్కా. కోపం తెచ్చుకోకు. నువ్వు రావాలి.

నీ తమ్ముడు
కిష్టప్ప


తాండూరు,
13-11-1961

కిష్టప్పకు,

ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు. తమ్ముడివి కాబట్టి జవాబు రాస్తున్నాను.

అటూ ఇటూ కాని మనిషి. ఇన్నేళ్లుగా ఆ మాట జనం కళ్లలో చూస్తూనే ఉన్నాను. పెళ్లి పందిట్లో చూశాను, బావి దగ్గర చూశాను, బాలవాడికి పిల్లలను దించే తల్లుల దగ్గర చూశాను. నోటితో అన్నవాళ్లు లేరు. ఆ పుణ్యం నువ్వు కట్టుకున్నావు.

నేను ఆ ఆకు ముందు కూర్చుంటే ఇక్కడ కాశమ్మత్తకు ఏమని ముఖం చూపించను? ఆమె చూడలేదనుకో, నేను ఏమని ఆమెను చూడను? మీ బావ బతికుంటే? ఎక్కడో ఎవరి దగ్గరో గొర్లు కాస్తూ ఉంటే?

రాను. మళ్లీ అడగకు.

ఎంకమ్మ


తాండూరు,
18-11-1961

ప్రియమైన తమ్ముడికి,

మళ్లీ అడగవద్దన్నానని నిజంగానే అడగకుండా ఊరుకున్నావు. బతిమాలుతూ ఇంకో జాబు రాసి ఉంటే చింపి పొయ్యిలో పెట్టేదాన్ని. ఊరుకున్నావు కాబట్టి ఆలోచించాల్సి వచ్చింది.

నిన్న బాలవాడి పక్కనే సీమంతం జరిగింది. పిలిచారు, పోయాను. ముందు వరుసలో కూర్చోమన్నవాళ్లు లేరు, వెనక కూర్చోమన్నవాళ్లూ లేరు. ఎక్కడ కూర్చోవాలో తెలియక గిన్నెలు కడిగేచోట నిలబడి వాళ్లకు సాయం చేసి వచ్చాను. దారిలో నీ జాబు గుర్తుకొచ్చింది. నువ్వు చెప్పిన ఆ చోటు, ఇటు పుణ్యస్త్రీలు గాని అటు మగడు పోయినవాళ్లు గాని కూర్చోలేనిది, అది నాదే కదా అనిపించింది. ఇది నా చోటు అనుకొని నేను ఎక్కడా కూర్చొని చాలా ఏళ్లయింది. నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది.

అనంతగిరి జాతరకు పోతున్నానని అత్తకు చెప్పాను. "పద్మనాభసామికి నా దండం జెప్పు. నా కొడుకును తోలియ్యమను" అంది. 

జాతర రోజు పొద్దున రైలుకు వస్తాను. వంట నేనే చేస్తాను, మీ మగవాళ్లు చేసిన కూర ఏ కాకీ తినదు. నోటితో మల్లన్న పేరే పిలుస్తాను. మీ బావ పేరు పలకమంటే అక్కడే లేచి వచ్చేస్తాను.

అక్క
ఎంకమ్మ


వికారాబాద్,
27-11-1961

ప్రియమైన అక్కకు,

క్షేమంగా చేరావా? ఒక్కమాట మాట్లాడకుండా రైలెక్కావు. స్టేషనులో నేను ఏమేమో వాగాను, నువ్వు కిటికీలోంచి పట్టాల వైపు చూస్తూ ఉండిపోయావు. నామీద కోపం తగ్గలేదా, లేక కాకి రాలేదని బాధపడ్డావా, నాకు అంతు చిక్కలేదు.

నీవల్ల తప్పేమీ జరగలేదు. జొన్నరొట్టె, మాంసం తునకల కూర, దొప్పలో కల్లు, పక్కన బీడీ, అన్నీ నీ చేత్తో సర్దావు. ఆ వాసనకు మేమే ఆగలేకపోయాం. కాకులు మాత్రం చెట్టు దిగలేదు. పొద్దు వాలేదాకా నువ్వు చేతులు జోడించి, కదలకుండా, ఆ చెట్టు వైపే చూశావు. నీ ముఖం తీస్తూ మహేందర్ కెమెరా ఆపడం మరచిపోయాడు. రీలు అయిపోయి దానంతటదే ఆగింది. "యాక్టింగ్ గిట్ల ఎవరు నేర్పిన్రన్నా అక్కకు?" అని అడిగాడు. 

నువ్వు వెళ్లిన మరునాడు మేము మళ్లీ నువ్వు ఆకు పెట్టిన రాతి దగ్గరికే పోయాం. అదే ఆకులో మహేందర్ పచ్చిమాంసం పెట్టాడు. కాకి వెంటనే దిగింది. నీ ముఖం ఒకరోజుది, కాకి ఇంకోరోజుది. రెండు ముక్కలూ పక్కపక్కన అతికిస్తే చూసేవాళ్లకు ఒకే గడియలో జరిగినట్టు ఉంటుంది. సినిమా అంటే అతుకుల బొంతే అక్కా. దీనికి నువ్వు ఏమీ అనుకోవద్దు. కథకు పిట్ట ముట్టాలి, అందుకని ముట్టించాం.

రీళ్లు కడగడానికి బొంబాయి పంపుతున్నాం. కాశమ్మత్తకు నా దండాలు.

నీ తమ్ముడు
కిష్టప్ప


వికారాబాద్,
20-4-1962

ప్రియమైన అక్కకు,

చలికాలమంతా నీ దగ్గర నుంచి రెండు కార్డు ముక్కలే వచ్చాయి. ఎండలు ముదిరాయి, జాగ్రత్త.

సినిమా తయారైంది. పెట్టెలో ఒకే ఒక కాపీ ఉంది. పట్నంలో సినిమాలంటే ఇష్టమున్న కొందరు చదువుకున్నవాళ్లకు చూపించాం. ఆట అయ్యాక ఎవరూ లేవలేదు. ఒకాయన వచ్చి నా చెయ్యి గట్టిగా నొక్కి వెళ్లిపోయాడు. వచ్చే నెలాఖరుకు పెద్దవాళ్లను పిలిచి మళ్లీ వేద్దామంటున్నారు.

ఈలోగా టెంటు సినిమా నడిపే చాంద్‌పాషా తాండూరులో తన టెంటులో ఆడిస్తానని పట్టుబట్టాడు. మన ఊరి కథ మనవాళ్లు చూడకపోతే ఎట్లా అన్నాడు. మైకులో కథ ఆయనే చెబుతాడు, గొంతు బాగుంటుంది. ఇక్కడ పెళ్లిళ్ల రోజులు, స్టూడియో వదిలి నేను రాలేను. నువ్వు ఒకసారి చూడు అక్కా. నిన్ను నువ్వు చూసుకో.

నీ తమ్ముడు
కిష్టప్ప


తాండూరు,
6-5-1962

ప్రియమైన తమ్ముడికి,

నిన్ను నువ్వు చూసుకో అన్నావు. నేను చూడకముందే ఊరంతా నన్ను చూసింది.

నేను టెంటుకు పోలేదు. పని అయ్యేసరికి ఒళ్లు నిలవడం లేదు. ఏముందిలే, రేపు పోదాం అనుకున్నాను. ఆ మరునాడు ఒక పెళ్లింట్లో పసుపు దంచుతుంటే పోయి రోకలి అందుకోబోయాను. ఆ ఇంటామె రోకలి వెనక్కు తీసుకుంది. కసిరి కాదు, చాలా మెల్లగా. "నువ్వు కూసో ఎంకమ్మా, అలిసిపోయుంటవ్" అంది. బొట్టు పెట్టే ఆమె ఈసారి చెయ్యి ఆపలేదు. నన్ను దాటి పక్కామెకు పెట్టింది.

ఏమైందని అడిగితే అందరూ తలలు దించుకున్నారు. ఒకామె నన్ను పట్టుకొని ఏడ్చింది. "గింత పెద్ద పని జేస్కొని ఒక్కదానివే దిగమింగినవా? మమ్ముల విలిస్తే రాకపోదుమా?" అంది. అప్పుడు తెలిసింది. అది సినిమా తల్లీ, మా తమ్ముడు తీసిన ఆట, ఆ పేరు కూడా మీ బీరన్నది కాదు అని మొత్తుకున్నాను. ఆమె నా మాటకు అడ్డుపడి ఏమందో తెలుసా? "మనుషులు యాక్టింగ్ జేస్తరు గని పిట్ట జేస్తదా? పిట్ట ముట్టింది, మా కండ్లతోని జూసినం" అంది.

 కాకి ఇంకోరోజుదని, మాంసం ఇంకొకరు పెట్టారని, అతికించారని చెప్పాను. ముక్కలు అతికిస్తే కాకి దిగుతుందా అన్నట్టు చూశారు. చాంద్‌పాషా కూడా వచ్చి వాళ్లకు నచ్చజెప్పాడు పాపం. "మిషిన్ల అంత కలిపి జూపెడ్తరమ్మా" అన్నాడు. అతని మాటా ఎక్కలేదు.

కిష్టా, నాకు బొట్టు పెట్టకపోతే నేను చచ్చిపోను. కాని ఈ సంగతి ఇంకా కాశమ్మత్త దాకా రాలేదు. అమీనాబీ వాకిట్లో కూర్చొని వచ్చినవాళ్లను వచ్చినట్టే పంపిస్తోంది. ఎన్నాళ్లు కాపలా కాస్తుంది? నీ కొడుకుకు పిట్టకు పెట్టారట, ముట్టిందట అని ఎవరో ఒకరు అననే అంటారు. ఆ మాట విని ఆమె బతకదు. ఆమె ఉన్నదే ఆ ఒక్క మాట వినకుండా ఉండటానికి.

ఆ ముక్క తీసేయించు. పిట్ట రాలేదని అందరికీ కనిపించాలి. జరిగిందీ అదే కదా.

నీ అక్క
ఎంకమ్మ


వికారాబాద్,
8-5-1962

ప్రియమైన అక్కకు,

నీ జాబు చదివి అన్నం తినలేకపోయాను. నేను కథ అనుకున్నదాన్ని వాళ్లు కర్మ అనుకుంటారని నా బుర్రకు తట్టలేదు. తట్టాల్సింది. నేనూ ఆ ఇండ్లలో పుట్టినవాణ్నే కదా. పట్నం వాళ్లు మెచ్చుకుంటే పొంగిపోయి, మనవాళ్లు ఎలా చూస్తారో మరచిపోయాను.

ఆదివారం పొద్దున రైలుకు కత్తెర తీసుకొని నేనే వస్తున్నాను. కాకి ముక్క కోసి నీ ముందే కాల్చేస్తాను. అది లేకపోతే సినిమాకు చివర ఉండదు. లేకపోతే పోనీ. పట్నం వాళ్లకు రాననే రాస్తాను. మహేందర్ నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు, వాడికి ఈ సినిమా బిడ్డలాంటిది. అయినా సరే. నువ్వూ కాశమ్మత్తా నాకు ముఖ్యం.

ఈ నాలుగు రోజులు ఎలాగైనా ఆమె చెవిన పడకుండా చూడు.

నీ తమ్ముడు
కిష్టప్ప


తాండూరు,
11-5-1962

ప్రియమైన తమ్ముడు కిష్టాకు,

ఈ జాబు టపాలో వేస్తే ఆదివారంలోపు అందుతుందో లేదో అని, రీళ్ల పనిమీద వికారాబాద్ వస్తున్న చాంద్‌పాషా చేతికి ఇస్తున్నాను. నిలబడి చదవకు, కూర్చొని చదువు.

నీ జాబు వచ్చిన రోజునే అత్తకు తెలిసిపోయింది. అమీనాబీ నీళ్లకు పోయిన కాసేపట్లో ఎవరో ముసలామె వచ్చి వాకిట్లోనే శోకం ఎత్తుకుంది. నేను ఇంటికి చేరేసరికి ఆమె వెళ్లిపోయింది. అత్త మంచం మీద నిటారుగా కూర్చొని ఉంది. నా కాళ్ల చప్పుడు విని "ఏమన్న కబురు దెలిసిందా?" అని అడగలేదు. అన్నేళ్లలో ఆ ఒక్క సాయంత్రమే అడగలేదు.

"పిట్టకు వెట్టినవంట" అంది. సినిమా అత్తా అన్నాను. మొత్తం చెప్పాను, జాతరని అబద్ధమాడి పోయింది కూడా. తిడుతుందనుకున్నాను, కట్టె అందుకుంటుందనుకున్నాను. "ఏడ జూపెడ్తున్నరు? నన్ను తోల్కపో" అంది. కళ్లు లేనిదానివి అక్కడికి వచ్చి ఏం చూస్తావు అన్నాను. "నువ్వున్నవు గదా జెప్పటానికి" అంది.

మొదటి ఆటకు పోయాం. ఆడవాళ్ల వైపు జాగా ఇచ్చారు, మమ్మల్ని చూసి అందరూ గప్‌చుప్ అయ్యారు. చాంద్‌పాషా మైకులో కథ చెబుతుంటే అత్త చెవి అటే పెట్టి కూర్చుంది. నువ్వు గొంగడి కప్పుకొని వాకిట్లో నిలబడితే నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. నీ ఒంట్లోంచి గోడ కనిపిస్తుంటే, ఇన్నేళ్లూ నేను చూసింది ఆ గోడనే కదా అనుకున్నాను.

పిట్టకు పెట్టేచోట చాంద్‌పాషా మైకు పక్కన పెట్టేశాడు. మిషను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. తెర మీద నా ముఖం వచ్చింది. ఎవరో ముసలావిడ అనుకున్నాను ముందు.

నీకు ఒకటి చెప్పాలి. ఆ రోజు అడవిలో నోటితో మల్లన్నా అనే పిలిచాను. లోపల మాత్రం, రాకు, ముట్టకు, నీకు పుణ్యముంటది, చెట్టు దిగకు అని కాకిని బతిమాలుకున్నాను. పొద్దు వాలేదాకా అదే మాట. మహేందర్ యాక్టింగ్ అనుకున్నది అది. కాకి దిగలేదు, నేను గెలిచాను, మీ బావ బతికున్నాడు అనుకొని రైలెక్కాను. నోరు తెరిస్తే ఆ సంతోషం బయటపడుతుందని నీతో మాట్లాడలేదు.

టెంటులో మాత్రం వేరే అయింది. ఆడవాళ్లందరూ ముందుకు వంగి "ముట్టు తండ్రీ, ముట్టు" అంటున్నారు. వాళ్లకు అది సినిమా అని లేదు, ఏమీ లేదు. వాళ్లతోపాటు నా నోటి వెంట కూడా "ముట్టు" అని వచ్చింది. అనాలని అనలేదు. వచ్చేసింది. నేను అలసిపోయాను కిష్టా. ఆయన రావాలని కోరుకొని కోరుకొని అలసిపోయాను. ఆ మాట నా చెవితో నేను విని భయపడ్డాను, తర్వాత భయం కూడా పోయింది.

కాకి దిగింది. టెంటంతా ఊపిరి వదిలింది. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ముట్టిందా?"

లేదు అని చెప్పవచ్చు. ఆమెకు కనిపించదు. చుట్టూ ఉన్నవాళ్లెవరూ నన్ను కాదనరు, అందరూ నా నోటివైపే చూస్తున్నారు. లేదంటే మళ్లీ రేపు సాయంత్రం ఆమె అడుగుతుంది, నేను చెబుతాను. మేమిద్దరం పోయేదాకా అంతే.

"ముట్టింది అత్తా" అన్నాను.

"ఉత్తగ ముట్టి పోయిందా, తిన్నదా?"

"తిన్నది."

"ఏం వెట్టినవ్?"

"జొన్నరొట్టె, తునకల కూర. జర కల్లు."

"కారం దక్కువేసినవా? వానికి కారం వడది."

"తక్కువే ఏసిన అత్తా."

 ఆమె గొంతు అంత చిన్నగా నేను ఎప్పుడూ వినలేదు.

"కడుపునిండ తిన్నడా, బిడ్డా?"

"తిన్నడు" అన్నాను.

అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్లలో ఆమె ఏడవడం నేను చూడలేదు, ఏడిస్తే కొడుకు పోయినట్టని కళ్లు పోయేదాకా బిగబట్టుకుంది. ఆడవాళ్లందరూ జరిగి జరిగి మా చుట్టూ కూర్చున్నారు. తర్వాతి ఆటకు వచ్చిన జనం బయట నిలబడ్డారు. చాంద్‌పాషా వాళ్లకు ఏం చెప్పాడో గాని ఒక్కరూ గొడవ చేయలేదు. మా దగ్గరికి వచ్చి "మీరు లేసేదాంక మిషిన్ నడ్వదు బెహెన్. ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు.

ఆమె పోతుందని భయపడ్డాను కదా, పోలేదు. ఇంటికి వచ్చి బువ్వ పెట్టమంది. రెండోసారి అడిగి వేయించుకుంది. తెల్లవారి నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని, తడుముకుంటూ, నా చేతుల గాజులు ఒక్కొక్కటీ తానే తీసింది. "మందిల కూసోవెట్టి నా బిడ్డ గాజులు పలగ్గొట్టనియ్య. నేనే తీస్త" అంది. చెయ్యి గీసుకోకుండా ఎంత మెల్లగా తీసిందో. అంతా అయ్యాక నా ముంజేతులు నిమురుతూ చాలాసేపు కూర్చుంది.  చేతులు తేలికగా ఉన్నాయి, ఇంకా అలవాటు కాలేదు.

మీ బావ బతికున్నాడో లేడో నాకు ఈరోజుకూ తెలియదు. ఒకవేళ వస్తే వాకిలి తెరిచే ఉంటుంది, రమ్మను. నిలబడి ఎదురుచూడటం మాత్రం ఇక నావల్ల కాదు.

ఆ కాకి తిన్నది మహేందర్ పెట్టిన పచ్చిమాంసమని నాకు తెలుసు, నీకు తెలుసు. అత్తకు ఆ సంగతి చెప్పలేదు. చెప్పను. ఆదివారం వచ్చినప్పుడు నువ్వూ నోరు జారకు. మహేందర్‌ను కూడా తోలుకురా, అత్త ఆ పిల్లగాణ్ని చూడాలంటోంది. పట్నం వాళ్లకు వస్తున్నానని రాయి.

కత్తెర తేకు తమ్ముడా. ఆ ముక్క కోయకు. మీ బావకు మేము పెట్టిన బువ్వ అదొక్కటే.

నీ అక్క
ఎంకమ్మ